ఎనిమిదో తూము

మొహిద్దీన్ బాషా ఆ పెట్టెలో పెట్టాల్సిన ముక్కని పెట్టకుండా ఇంటికి తెచ్చేసుకున్నాడట, దాన్ని తన టీవీలో బిగించుకుని ఆదివారం పొద్దున రంగుల్లో బొమ్మ చూస్తున్నాడట, అందుకే అక్కడ గంట మోగలేదట, బుల్లయ్య ప్రాణం అలా పోయిందట. ఈ మాట జోహరాబీకి పాలకేంద్రం దగ్గర ఎవరో చెప్పారు. జోహరాబీ దాన్ని పిట్టగోడ మీంచి పక్కింటి మదార్‌బీకి అందించింది. మదార్‌బీ ఆ మాటని కొంగున ముడేసుకుని గుంటూరు బస్సెక్కి, బ్రాడీపేటలో టైపు ఇన్‌స్టిట్యూట్ మేడ మీద కూర్చునే డిటెక్టివ్ బాలత్రిపురసుందరి బల్ల మీద తెచ్చి విప్పింది.

అంతా చెప్పి, చివర్న, "మా ఇంట్లో టీవీయే లేదమ్మా" అంది.

త్రిపురసుందరికి నవ్వొచ్చింది గానీ ఎదురుగా ఉన్న ఆ తల్లి కళ్ళు నవ్వనివ్వలేదు.

"ఇంతకీ నీ కొడుకు ఆ ముక్క పెట్టాడా, లేదా?"

"పెట్టానంటున్నాడు. పెట్టావు గానీ పెట్టకూడని చోట పెట్టావంటున్నారు పోలీసులు. రేపు సాయంత్రం కోర్టుకి తీసుకుపోతారంట, ఆ తర్వాత జైలేనంట. నాకు వాడొక్కడే." మదార్‌బీ చేతిలో బస్సు టికెట్టు ఉండ చుట్టుకుపోయి ఉంది. "నా బిడ్డ మనిషిని చంపాడంటున్నారమ్మా. వాడు చీమని కూడా ఊది పక్కకి పంపుతాడు."

మర్నాడు మధ్యాహ్నం మార్టూరు రోడ్డు మీద బస్సు దిగేసరికి త్రిపురసుందరికి నిద్రలో నడుస్తున్నట్టే ఉంది. రోడ్డుకి రెండువైపులా కల్లాల్లో మిరపకాయ ఎండుతోంది. ఎటు చూసినా ఎరుపే. ఆ ఎరుపు మీద ఎండ నీళ్ళలా కదులుతోంది. జిన్నింగు మిల్లులోంచి లేచిన దూది పింజలు గాలి లేక, ఎక్కడ వాలాలో తోచనట్టు ఆమె భుజం ఎత్తున తేలుతున్నాయి. ఒకటొచ్చి కళ్ళజోడు మీద వాలింది. ఆమె తుడుచుకోలేదు. ఆ పింజలోంచి చూస్తే, కిటికీలు లేని ఆ కోల్డ్ స్టోరేజీ తెల్లగోడలు ఏదో మేఘం అలిసిపోయి నేల మీద కూర్చున్నట్టుగా ఉన్నాయి.

ఆమె తీరే అంత. కళ్ళు సగం మూసుకుని చూస్తుంది. కునుకుతోందనుకుని ఎదుటివాళ్ళు నోరు జారతారు. ఆ జారిన మాటలతోనే ఇన్నేళ్ళుగా ఆమె పొయ్యి వెలుగుతోంది.

జరిగింది మాత్రం కలలా లేదు. ఈ కోల్డ్ స్టోరేజీ రాధాకృష్ణమూర్తి గారిది. మిరప బస్తాల గదుల్ని చల్లబరచడానికి పైపుల్లో అమ్మోనియా తిరుగుతుంది. పైపు పగిలితే ఆ గ్యాస్ మనిషిని నిలబడ్డచోటే పడేస్తుంది. అందుకని పోయిన వేసవిలో ఒక కంప్యూటర్ కొని, ప్రతి ఛాంబర్‌లోనూ గ్యాస్ పసిగట్టే డబ్బా ఒకటి పెట్టించి, వాటి తీగలన్నీ కంప్యూటర్‌కి కలిపించారు. గ్యాస్ కారితే గంట మోగాలి. పోయిన వారం మూడో ఛాంబర్‌లో పైపు పగిలింది, గంట మోగలేదు. బస్తాలు సర్దడానికి లోపలికెళ్ళిన ఆపరేటర్ బుల్లయ్యని ఇద్దరు మనుషులు ముక్కులకి తడిగుడ్డలు కట్టుకుని బయటికి మోసుకొచ్చారు. ఆ తీగలు కలిపినవాడు మొహిద్దీన్ బాషా.

వరండా అంతా హోమం పొగ. పొగలో కూర్చున్న పెద్దాయన తలెత్తి, "ఏమ్మా సుందరీ, నువ్వా! అన్నం తిన్నావా?" అన్నాడు.

త్రిపురసుందరి ఆగిపోయింది. "తిన్నాను నాన్నా. మీరేంటిక్కడ?"

"మనిషి పోయిన చోటు గదా, శాంతి చేయించమన్నారు మూర్తిగారు. దసరాకి ఆయుధపూజ చేయించిందీ నేనే. ఈ ఆవరణలో మేకు దిగినా నన్నడిగే దిగుతుంది." శేషాచలం గారికి అదో మురిపెం. రెండు మైళ్ళ అవతల పల్లెలో ఆయన పౌరోహిత్యం. ఇల్లు కట్టేవాళ్ళూ బావి తవ్వేవాళ్ళూ ఈమధ్య వాస్తు అడుగుతుంటే ఆ గిరాకీ కూడా ఆయనకే వస్తోంది.

ఆమె వంగి, తండ్రి భుజం మీంచి జారిన ఉత్తరీయం సర్దింది. కింద పంచె కొత్తది, మామిడిపండు రంగు జరీ అంచు. మడతలు ఇంకా విరిగినట్టు లేదు.

"ఈ పంచె ఎప్పుడు కొన్నారు?"

"మనం కొనే రకమా ఇది? ఎవరో పెట్టార్లే. మంచి పనికి కడదామని దాచాను. నువ్వు లోపలికి పద, పొగకి కళ్ళు మండుతాయి."

స్తంభానికి ఆనుకుని బుల్లయ్య భార్య దుర్గాంబ కూర్చుని ఉంది. భర్త పేరున శాంతికి కూర్చోమంటే వచ్చింది. ఏడవటం లేదు. హోమంలో నెయ్యి పడ్డప్పుడల్లా మంట వంక కాకుండా నెయ్యి గిన్నె పట్టుకున్న చేతి వంక చూస్తోంది.

కంప్యూటర్ గది ముందు చెప్పులు వరసగా విడిచి ఉన్నాయి, గుడి ముందు ఉన్నట్టు. సీఐ త్యాగరాజు బూట్లు మాత్రం లోపలే ఉన్నాయి, కాళ్ళతో సహా.

గదిలో ఏసీ మిషను గురక పెడుతోంది. అద్దం అవతల నడవాలో ఎవరో ఛాంబర్ తలుపు తీసినట్టున్నారు. తెల్లటి చల్లమంచు నేల మీద పాకుతూ వచ్చి అద్దాన్ని ముక్కుతో తాకి వెనక్కి వెళ్ళింది. మంచు వెనక ఎర్రటి బస్తాలు ఒక్క క్షణం కనపడి మాయమయ్యాయి.

"రండి సుందరిగారూ" అన్నాడు సీఐ. "పంచనామా అయిపోయింది. సంతకాలే తరువాయి."

"సంతకాలు కాలేదన్నమాట. అయితే నాకు ఆలస్యం కాలేదు."

"తప్పిపోయిన గేదెల్ని వెతికిపెడతారని విన్నాను. కంప్యూటర్లు కూడా మొదలెట్టారా?"

"గేదెలు దొరికాయి లెండి. మీ స్టేషను వెనకే కట్టేసున్నాయి."

బల్ల పక్కన నిలబడ్డ జయరావు ఫక్కున నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నాడు. కంప్యూటర్ ముందు కూర్చుని టైపు చేసేది అతనే. రాధాకృష్ణమూర్తి గారు అతని వంక చూసేసరికి ఆ దగ్గు కూడా మానేశాడు. గోడ వారన కానిస్టేబుల్ పక్కన మొహిద్దీన్ బాషా ఉన్నాడు. పాలిటెక్నిక్ చదివిన సన్నటి కుర్రాడు. మాసిన చొక్కా జేబులో స్క్రూడ్రైవర్ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

"సూటిగా చెప్తాను" అన్నాడు సీఐ. మూత తీసిన కంప్యూటర్‌లో కుడి చివర నిలువుగా గుచ్చి ఉన్న పలకని లాఠీ కొసతో చూపించాడు. "ఇది గ్యాస్ కార్డు. ఈ చివరి స్లాట్‌లో మామూలు కార్డు పెడితే పనిచెయ్యదట. మద్రాసులో ఒక ఇంజనీరుని ఫోన్లో అడిగాను. దీని మూత విప్పేది బాషా ఒక్కడే. కాబట్టి అక్కడ పెట్టింది వాడే. బుల్లయ్య పోయాడు. ఇందులో డిటెక్టివ్‌కి మిగిలింది ఏముంది?"

"నేను పెట్టింది మొదటిదాంట్లో మేడమ్" అన్నాడు బాషా.

త్రిపురసుందరి కుర్చీ లాక్కుని జయరావు చోట్లో కూర్చుంది. కళ్ళు సగం మూసుకుంది. "మొదటిదైతే ఏంటి, చివరిదైతే ఏంటి? నాకు అర్థమయ్యేట్టు చెప్పు బాబూ. కాలవ చివరి ఊళ్ళో పుట్టినదాన్ని."

బాషా మొహంలో ఏదో కాస్త వెలిగింది. సీఐ వంక ఓసారి చూసి, కానిస్టేబుల్‌తో సహా రెండడుగులు ముందుకొచ్చాడు.

"అయితే సులువే మేడమ్. అడుగున పరుచుకుని ఉన్న పచ్చ పలక ఉందే, అది మదర్‌బోర్డు. దానికి పుట్టుకతో వచ్చిన పనులు కొన్నే. కొత్త పని నేర్పాలంటే ఆ పనికో కార్డు తెచ్చి ఈ నల్లటి స్లాట్లలో గుచ్చాలి. తెర మీద బొమ్మ రావడానికి ఒక కార్డు, డిస్కు తిరగడానికి ఒకటి, ప్రింటర్‌కి ఒకటి. గ్యాస్ వాసన తెలియడానికి నాది."

ఆమె వంగి చూసింది. పచ్చటి పలక మీద రాగి గీతలు పక్కపక్కనే పరుగెడుతూ, ఒక్కసారిగా మలుపు తిరుగుతూ, నల్లటి చిన్న చిన్న ఇళ్ళ కింద దూరుతూ పోతున్నాయి. ఎత్తైన చోటునించి తెల్లారుజామున తన ఊరిని చూస్తున్నట్టు అనిపించింది. ఊరంతా నిద్రలో ఉంది. పిల్లకాలవల్లో నీళ్ళు మాత్రం మేలుకుని ఉన్నాయి.

"ఆ గీతలే సాగర్ కాలవ అనుకోండి" అంటున్నాడు బాషా. "స్లాట్లు తూములు. ఒకే కాలవ అన్ని తూముల పక్కనించీ పోతుంది. అందుకే ఏ కార్డుని ఏ తూము దగ్గర నిలబెట్టినా దానికి నీళ్ళు అందుతాయి. అది చెప్పే మాటా కాలవలో పడుతుంది. ఏడు తూముల దాకా అంతే. ఈ రకం బోర్డులో ఎనిమిదోది వేరు. కరెంటు పెట్టె పక్కది."

"మా చివరి పొలాల్లాగానా?"

"అచ్చం అంతే మేడమ్. అక్కడ ఊరికే నిలబడితే లాభం లేదు. 'నేనిక్కడున్నాను, వదులు' అని కాలవ కాసే లస్కరుకి కబురు పంపాలి. ఆ కబురు పంపే ఏర్పాటు కార్డులోనే ఉండాలి. నా కార్డులో అది లేదు. అక్కడ పెడితే దానికి కరెంటు అందుతుంది. మీద చిన్న దీపం వెలుగుతుంది. చూసేవాళ్ళకి బతికే ఉన్నట్టుంటుంది. మాట మాత్రం బయటికి రాదు."

కార్డు మీద ఆవగింజంత ఎర్రదీపం ఇంకా వెలుగుతోంది. గదిలో అందరూ దాని వంకే చూశారు.

"మరి కార్డు మూగబోతే ఈ మిషను ఏమనుకుంటుంది?"

బాషా తల దించుకున్నాడు. "క్షేమం అనుకుంటుంది మేడమ్. ఏమీ వినపడకపోతే అంతా బాగున్నట్టే లెక్క. అది నేను రాసిన ప్రోగ్రామే. అందుకే రోజూ పొద్దున ఎర్ర బటన్ నొక్కి గంట మోగుతోందో లేదో చూసుకోండి అని చెప్పి వెళ్ళాను."

"వాడి నోటితోనే విన్నారుగా!" సీఐ లాఠీతో బల్ల తట్టాడు. "తప్పు చేసినవాడు తప్పు చేశానంటుంటే మధ్యలో మీకేం నొప్పి?"

"ఆ పిల్లాడు ఒక తప్పు చెప్పాడు. చెయ్యనిది కూడా మీరు కలిపి రాస్తున్నారు. నా నొప్పల్లా అక్కడే."

ఆమె లేచి బల్ల వెనక్కి వెళ్ళింది. కుర్చీకి ఎడమవైపు గోడకి కన్నం. ఛాంబర్ల నించి వచ్చే తీగలన్నీ ఒక కట్టగా ఆ కన్నంలోంచి దిగుతున్నాయి. తెల్లదారంతో అక్కడక్కడా ముడులు, కల్యాణానికి మల్లెపూలు కట్టినంత శ్రద్ధగా ఉన్నాయి. ఆ కట్ట కంప్యూటర్ వెనక్కి వచ్చి, అక్కడినించి కుడి చివరి కార్డు దాకా వీణ తీగలా బిగుసుకుపోయి ఉంది. వేలితో మీటితే మోగేట్టుంది. దారిలో, సరిగ్గా మొదటి స్లాటుకి ఎదురుగా, తీగల తొడుగు మీద పాత వంపు మచ్చ. ఎన్నో నెలలు అక్కడ వంగి నిద్రపోయిన మచ్చ.

"తీగ నువ్వు కొలిచే కోశావా?"

"జానెడు ఎక్కువే ఉంచుతాను మేడమ్, ఎక్కడైనా. రేపు కార్డు తియ్యాల్సి వస్తే చేతికి ఆడాలి గదా."

"సీఐ గారూ, ఆ జానెడు ఎటు పోయింది?"

"పొరపాటున తక్కువ కోసి ఉంటాడు."

"అన్ని ముడులు వేసినవాడా?" ఆమె పెట్టెలోకి వేలు చాచింది. "ఈ ఖాళీ స్లాట్లు చూడండి. అట్టకట్టిన కారపు దుమ్ము. ఏసీ గదే అయినా కల్లాల్లో మిరపకాయ వదిలిపెడుతుందా? ఇది, దీని పక్కది, ఆ తర్వాతది, అన్నీ పూడిపోయాయి. మొదటిది కూడా ఇప్పుడు ఖాళీయే. దాంట్లో దుమ్ము మాత్రం పలచగా ఉంది. మిగతావి ఖాళీగా ఉన్నన్నాళ్ళూ ఇది ఖాళీగా లేదు. కొన్నాళ్ళు దీంట్లో ఏదో కూర్చుని ఉంది. తర్వాత లేచి వెళ్ళింది."

రాధాకృష్ణమూర్తి గారు కండువాతో మెడ తుడుచుకున్నారు. ఏసీ గదిలో ఆయనకి చెమట పట్టింది.

"జయరావూ" అంది త్రిపురసుందరి, కునుకుపాటు మాటలా. "ఆ గంట ఎప్పుడన్నా మోగిందా అసలు?"

"మోగకేమండీ! మొదట్లో చంపుకుతినేది. వారానికి రెండు మూడుసార్లు. బుల్లయ్య పరిగెత్తుకెళ్ళి వాల్వు కట్టేసి వచ్చేవాడు. తీరా చూస్తే పెద్ద ఏమీ ఉండేది కాదు."

"పైపు కారేది మేడమ్" అన్నాడు బాషా. "సన్నగా కారేది. అందుకే మోగేది. పైపు మార్చమని చెప్పాను."

"కొత్త యంత్రం, గాలి సోకినా అరుస్తుందనుకున్నాం" అన్నారు మూర్తిగారు. "కూలీలు బెదిరిపోయి లోపలికి పోమనేవాళ్ళు. సరుకు బయటికి తీసి అమ్ముకునే రోజులు. మా ఇబ్బంది మాకుంటుంది గదమ్మా."

"మరి ఎప్పుడు మానేసింది జయరావూ?"

"దసరా..." అని జయరావు నోట్లోనే ఆపుకున్నాడు.

"దసరాకా, దసరా తర్వాతా?"

"దసరా నించేనండి."

"ఆ ఎర్ర బటన్ రోజూ నొక్కేవాడివా?"

"దసరా దాకా నొక్కానండి. తర్వాత... పూజ అయ్యాక ఎలాగూ నోరు మూసుకుంది గదా, కోరి లేపటం ఎందుకు, మంచిది కాదన్నారండి."

"ఎవరన్నారు?"

జయరావు తన కాలి బొటనవేలి వంక చూసుకున్నాడు.

"కరెంటు తీసెయ్యండి" అంది ఆమె. "బాషా, ఆ కార్డు బయటికి తియ్యి."

కానిస్టేబుల్ సీఐ వంక చూశాడు. సీఐ భుజాలెగరేశాడు. జయరావు స్విచ్చి ఆపగానే దీపం ఆరిపోయింది. బాషా తీగలు విప్పి, రెండు చేతులా కార్డు అంచులు పట్టుకుని, పసిబిడ్డని ఉయ్యాల్లోంచి ఎత్తినట్టు మెల్లగా పైకి తీసి ఆమె చేతిలో పెట్టాడు. దీపం ఆరిపోయింది.

కార్డు ముందువైపు అద్దంలా ఉంది. ఎవరో తడిగుడ్డతో తుడిచారు. వెనక్కి తిప్పింది. సీసపు బొట్ల మధ్య, గుడ్డ దూరని సందుల్లో, పసుపుపచ్చని పొడి అంటుకుని ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

గది ఎటో జరిగిపోయింది. అమ్మోనియా ఘాటు, కారపు ఘాటు, సీఐ బూట్ల తోలు వాసన, అన్నీ వెనక్కి తప్పుకున్నాయి. తెల్లారుతున్న వసారా. తడిసిన సాన. చెక్కని గుండ్రంగా, గుండ్రంగా తిప్పుతున్న చెయ్యి. పచ్చకర్పూరం వేసి, వట్టివేళ్ళ పొడి చిటికెడు కలిపి గంధం తీసేవాళ్ళు ఈ చుట్టుపక్కల ఇంకెవరూ లేరు. చిన్నప్పుడు జ్వరమొస్తే నుదుటి మీద రాసేది ఆ గంధమే. ఆ చల్లదనానికే ఆమెకి కళ్ళు సగం మూతలు పడటం అలవాటైంది.

తలుపు అవతల మంత్రం వినిపిస్తోంది. ఏసీ గురక మధ్య ఆ గొంతు ఒకసారి మునిగి, ఒకసారి తేలుతోంది.

ఇప్పుడేమీ అనకుండా కార్డు బల్ల మీద పెట్టేసి లేచి వెళ్ళిపోవచ్చు. తీగ పొట్టిదని, దుమ్ము పలచనని చెప్పి, ఇంతే నాకు తెలిసింది అనొచ్చు. సీఐ సంతోషంగా సంతకాలు పెట్టించుకుంటాడు. నాన్న ఆ జరీ పంచెతోనే ఇంటికి వెళ్తాడు. ఈ కుర్రాడు సాయంత్రం జీపు ఎక్కుతాడు. బ్రాడీపేట మెట్ల మీద మదార్‌బీ కూర్చుని ఉంటుంది.

మూర్తిగారు ఆమె పక్కకి జరిగారు. ఆమెకి ఒక్కదానికే వినపడేట్టు, "మీ నాన్నగారు పెద్దవారు. ఊళ్ళో ఆయన మాటకో విలువుంది. ఆలోచించుకుని మాట్లాడండమ్మా" అన్నారు. గొంతులో బెదిరింపేమీ లేదు. అందుకే ఆమె ఒక అడుగు పక్కకి జరిగింది.

"ఆలోచించానండి" అందామె, అందరికీ వినపడేట్టు. కళ్ళు పూర్తిగా తెరిచింది.

"దసరాకి ఈ పెట్టె మూత విప్పారు. లారీకీ కాటాకీ కంప్రెసర్‌కీ చేసినట్టే దీనికీ చేశారు. పనిముట్టు పూజకి పెడితే విడిభాగాలన్నీ తీసి, తుడిచి, పీట మీద పరిచి బొట్టు పెడతారు గదా, అలాగే కార్డులన్నీ పెరికి పీట మీద పెట్టి గంధం, కుంకుమ పెట్టారు. మనిషి పోయాక ఆ బొట్లు తుడిచేశారు. వెనకవైపు తుడవటం చేతకాలేదు."

"పూజ చేసుకోవడం నేరమా?" అన్నారు మూర్తిగారు.

"పూజ నేరం కాదు. తిరిగి గుచ్చేటప్పుడు చోటు మార్చారు. జయరావు ఈ కుర్చీలో తూర్పుకి తిరిగి కూర్చుంటాడు. మిషను వెనకభాగం తూర్పు. ఎడమ చివర మొదటి స్లాటు, అది ఈశాన్యం. కుడి చివర కరెంటు పెట్టె, అది ఆగ్నేయం. గంట ఊరికే మోగుతోంది, ఏం దోషమో చూడండి అని అడిగారు. ఈశాన్యంలో బరువు ఉండకూడదు, గ్యాస్‌ని కాచుకునే ముక్క నిప్పు మూల, ఆగ్నేయంలో ఉండాలి, మార్చండి అని చెప్పారు. ఇల్లు కట్టుకునేవాళ్ళకి చెప్పే మాటే. మీరు మార్చారు. ఆ పూట నించి గంట మోగలేదు. అమ్మవారి దయ అనుకున్నారు. పైపు మాత్రం కారుతూనే ఉంది."

సీఐ పెద్దగా నవ్వాడు.

"కంప్యూటర్‌కి వాస్తా! మేజిస్ట్రేటుగారికి పొలమారుతుంది సుందరిగారూ. వాసన చూశానంటారు, దుమ్ము చూశానంటారు, జానెడు తీగ తగ్గిందంటారు. వీటిని పట్టుకుని నేను ముద్దాయిని వదిలేసి ఇంటికెళ్ళి పడుకోవాలా?" నవ్వు తుడిచేసుకుని, కానిస్టేబుల్ చేతిలోని అట్టా కాగితాలూ లాక్కుని, కలం మూత తీశాడు. "ఎవరో అడిగారు, ఎవరో చెప్పారు, ఈ లెక్కలు నాకొద్దు. చెప్పిందెవరు? పేరు చెప్పండి, ఇప్పుడే రాసుకుంటాను. పేరు లేకపోతే వీణ్ణి జీపెక్కిస్తాను."

త్రిపురసుందరి నోరు తెరిచింది. పేరు నాలుక మీదే ఉంది. చిన్నప్పుడు బడిలో తండ్రి పేరు చెప్పమంటే గుక్క తిప్పుకోకుండా చెప్పిన పేరు. ఇప్పుడది కార్డు మీది దీపంలా లోపలే వెలుగుతూ ఉండిపోయింది. బయటికి రాలేదు.

బాషా ఆమె మొహం వంకే చూస్తున్నాడు.

మంత్రం ఆగిపోయిందని ఆమెకి అప్పుడు తెలిసింది. తలుపు తెరుచుకుంది. శేషాచలం గారు రాగిచెంబూ మామిడాకులూ పట్టుకుని, గదిలో నీళ్ళు చల్లడానికి వచ్చారు. ఆయన వెనక గుమ్మంలో దుర్గాంబ నిలబడింది. వాళ్ళతోపాటు కాస్త హోమం పొగా, ఎటునించో దారితప్పిన దూది పింజా లోపలికొచ్చాయి.

ఆయన కూతురి చేతిలోకి చూశారు. మొహం విచ్చుకుంది.

"జాగ్రత్తమ్మా సుందరీ, అది ఆగ్నేయంలోది. తీస్తే తీశారు గానీ మళ్ళీ అక్కడే పెట్టాలి, మరెక్కడా పెట్టకండి."

సీఐ కలం కాగితం మీద ఆనింది. ఏమీ రాయకుండానే అక్కడో చుక్క సిరా పెద్దదవుతూ పోయింది.

"ఏమన్నారు శాస్త్రిగారూ?"

పెద్దాయన అందరి మొహాలూ చూశారు. మూర్తిగారు చూపు తప్పించారు. జయరావు గోడవైపు తిరిగాడు. శేషాచలం గారి చేతిలోని మామిడాకులు నేల మీదకి ఒక్కొక్క చుక్కా కారుస్తున్నాయి. ఆయన కూతురి వంక చూశారు. ఆమె కళ్ళు పూర్తిగా తెరిచి ఉండటం చూసి, మొట్టమొదటిసారి ఆయన గొంతు తడబడింది.

"నేనేమన్నానూ... గంట ఊరికే మోగుతోందని అడిగితే శాస్త్రంలో ఉన్న మాట చెప్పాను. అంతే. ఆ తర్వాత వీళ్ళు దాన్ని మార్చారో మార్చలేదో, మారిస్తే ఏమయిందో, నాకేం తెలుసమ్మా?"

గుమ్మంలోంచి దుర్గాంబ అంది: "తెలవకేం అయ్యగారూ, గంట నోరు మూసిందని మీకు బట్టలు పెట్టారు గదా. పళ్ళెం పట్టుకుంది మా ఆయనే. ఇయ్యాళ మీరు కట్టుకొచ్చింది ఆ పంచే."